మార్తమ్మ ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి

2018 ఎండాకాలం. అప్పటికి నేను మార్కాపురం కంభం రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు పెట్టి చాలా ఏళ్లయింది. కాలిపోయిన మోటారులోంచి నల్లబడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం మా పని. కొనకనమిట్ల నుంచి, పెద్దారవీడు నుంచి బోరు మోటార్లు ట్రాక్టర్ల మీద వచ్చేవి. భూమిలో నీళ్లు కిందికి దిగేకొద్దీ మాకు పని పెరిగేది. రేకుల నీడన బెంచీ మీద రైతులు వాళ్ల వాళ్ల మోటార్లకు కాపలా కాస్తున్నట్టు కూర్చునేవాళ్లు. వార్నిష్ వాసన, టీ గ్లాసుల చప్పుడు, ఎవరి బోరు ఎన్ని అడుగులన్న వాదన. ఆ సందడి ఇప్పుడు లేదు. తలుచుకుంటే మనసు అక్కడే తిరుగుతుంది.

ఆ పెద్ద పెద్ద మోటార్ల మధ్యకు ఒకరోజు మార్తమ్మక్క అరచేతిలో ఇమిడే మోటారు ఒకటి తువ్వాలులో చుట్టి తెచ్చింది.

"చూడు తమ్ముడా, ఇది పొద్దున్నించి తిరగడంలేదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరస్తన్నాయి. ఆయనకు తెలిసిందంటే నన్ను బతకనియ్యడు."

బెంచీ మీది పెద్దాయన ఒకాయన వంగి చూసి, "ఏందిమ్మా ఇది, గిన్నెలో నీళ్లు తోడతావా?" అని నవ్వాడు.

"సముద్రం తోడతా పెద్దాయనా" అంది ఆమె. నవ్వకుండానే అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. మార్తమ్మ భర్త యేసురత్నం గల్ఫ్‌లో ఒక హోటల్లో సముద్రపు చేపల తొట్లు శుభ్రం చేసే పని చేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు, పలకల ఫ్యాక్టరీ వెనక కాలనీలో ఉన్న సొంత ఇంట్లో, ముందు గదిలో ఒక ఉప్పునీళ్ల తొట్టి కట్టుకున్నాడు. మద్రాసు నుంచి పార్సిల్లో ఉప్పు సంచి తెప్పించాడు. వంటకు వాడే ఉప్పు కాదు, చేపల కోసం ప్రత్యేకంగా తయారుచేసేది. మా బోరు నీళ్లు ఆ చేపలకు పడవు కాబట్టి ఫిల్టర్ నీళ్లు క్యాన్లలో కొని, అందులో ఆ ఉప్పు కలిపేవాడు. ఇనుప స్టాండ్ మీద గాజు తొట్టి, లోపల రాళ్లు, నారింజ ఒంటి మీద తెల్ల చారలున్న రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం చేప. సముద్రం ఎప్పుడూ చూడని మా కాలనీ ఆడవాళ్లు వచ్చి, "కూరకు పనికొస్తాయా వదినా?" అని అడిగితే, మార్తమ్మ, "ముందు నన్ను కూరొండుతాడు" అనేది.

తొట్టికి వైరింగ్ చేసింది నేనే. యేసురత్నం పట్టుబట్టి ఆర్‌సీసీబీ పెట్టించాడు. ఇంట్లోకి వచ్చిన కరెంటంతా మళ్లీ వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మధ్యలో కొంచెమైనా నీళ్లలోకో, మనిషి ఒంట్లోంచి భూమిలోకో కారిపోతే ఈ స్విచ్చు పసిగట్టి వెంటనే సప్లై తెంపేస్తుంది. ఫ్యూజు కాపాడేది వైరును. ఇది కాపాడేది మనిషిని. "అక్కడ ఇది లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టనియ్యరన్నా" అని చెప్పి, సెలవు అయిపోగానే మళ్లీ గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. తొట్టి బాధ్యత మార్తమ్మ మీద పడింది.

ఆమె పగలంతా పలకల ఫ్యాక్టరీలో పని. రాయి అంచులు నున్నగా చేసి, కొలతకు కోసే పని. సాయంత్రం ఇంటికి వచ్చి తొట్టి గాజు తుడవడం, రాళ్లు సర్దడం, మేత వెయ్యడం. రాత్రి భోజనాలయ్యాక భర్త వీడియో కాల్. ఫోను ఎత్తగానే ఆయన మొదటి మాట, "చేపలు చూపించు." ఒకసారి నేను అక్కడ ఉండగానే కాల్ వచ్చింది. "చూసినావా తమ్ముడా, నేనొకదాన్ని ఉన్నానని గూడా గుర్తులేదు" అని ఫోను తొట్టివైపు తిప్పింది.

ఇక ఆ మోటారు. దాన్ని పవర్‌హెడ్ అంటారు. తొట్టిలోపలే మునిగి ఉండి నీళ్లను తిప్పుతూ ఉంటుంది. నీళ్లు తిరగకపోతే చేపలకు గాలి అందదు. లోపలి వైండింగు చుట్టూ కంపెనీవాళ్లు జిగురులాంటి ఎపాక్సీ నింపి గట్టిపరుస్తారు, ఒక్క చుక్క కూడా లోపలికి పోకుండా. అది విప్పి బాగుచేసే వస్తువు కాదు. పారేసి కొత్తది తెప్పించుకోవాలి. ఆ సంగతి నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు కూడా లేదు. పాతాళంలో తిరిగే బోరు మోటారుకు తీగ చుట్టినవాడిని, ఈ బొమ్మ మోటారు నాకొక లెక్కా అనుకున్నాను. కోసి, తెగిన తీగ అతికించి, బజారులో దొరికే ఎపాక్సీ ముద్దతో మళ్లీ మూసేశాను. తిరిగింది. మార్తమ్మ కళ్లు తుడుచుకుని, "నువ్వు నా కడుపున పుట్టిన తమ్ముడివి" అంది. బెంచీ మీది పెద్దాయన, "అట్లెట్లమ్మా?" అన్నాడు. అందరం నవ్వాం.

ఉప్పునీళ్లకు ఓపిక ఎక్కువ. నా అతుకు పక్కన సన్నటి నెరియ వెతుక్కుని లోపలికి చేరడానికి వాటికి కొన్ని వారాలు పట్టింది. ఇంకొకటి కూడా జరిగింది. తొట్టి అంచున ఎగిరిన తుంపర్లు ఆరిపోయి తెల్లటి పొరగా గాజు మీదినుంచి కిందికి పాకాయి. దీన్ని సాల్ట్ క్రీప్ అంటారు. ఆ పొర తేమ పట్టిందంటే కరెంటుకు దారే. అది ఇనుప స్టాండుదాకా దిగింది. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. అప్పుడు మాత్రం మార్తమ్మ ఫోను చేసి, "తమ్ముడా, ఆ స్విచ్చు ఊరికే పడిపోతాంది" అంది.

వెళ్లి పైకెత్తాను. నిలబడింది. మళ్లీ ఇంకో వారం ఫోను. ఒక ఆదివారం అందరూ చర్చికి వెళ్లినప్పుడు పడిపోయింది. వచ్చేసరికి పంపు ఆగి, నీలం చేప పక్కకు ఒరిగి తేలుతోంది. దాన్ని పెరట్లో పూడ్చిపెట్టి, మార్తమ్మ నా షాపుకు వచ్చింది.

"ఆయన నీలందేదీ అని అడిగితే రాయెనక నిద్రబోతాందని చెప్పినా. ఎన్ని రోజులు నిద్రబోతాది తమ్ముడా? మిగిలిన రెండూ పోతే నేనేం చెప్పాల?" బెంచీ మీద కూర్చుని, "ఒకటి గమనించినా. ఇల్లు కడిగిన రోజే పడతాది అది" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. "అక్కా, నువ్వు ఇల్లు కడిగింది ఆ స్విచ్చుకెట్ల తెలుస్తాది? దానికేమన్నా కాళ్లు తడుస్తాయా?"

నిజానికి కాళ్లు తడుస్తున్నాయి, స్టాండుకు. గచ్చంతా నాపరాళ్లు. ఆదివారం చర్చికి పోయేముందు ఆమె ఇల్లంతా బకెట్లతో కడిగేది. స్టాండు కాళ్ల చుట్టూ నీళ్లు నిలిచేవి. పంపులోంచి కారిన కరెంటు నీళ్లలోకి, నీళ్లలోంచి ఉప్పుపొర మీదుగా స్టాండులోకి, అక్కడినుంచి తడి రాళ్లలోకి. స్విచ్చు తన పని తాను చేస్తోంది. చెడిపోయిందని తేల్చింది నేను.

"ఉప్పుగాలికి ఇది పాడయింది. తీసేస్తా" అని చెప్పి, దాన్ని పక్కకు పెట్టి వైర్లు నేరుగా కలిపేశాను. ఆ రోజునుంచి సప్లై ఒక్కసారి కూడా పోలేదు. మార్తమ్మ నాకు ఫ్యాక్టరీ నుంచి ఒక పలక తెచ్చి ఇచ్చింది, మా మనవరాలు రాసుకోవడానికని. సంతోషంగా తీసుకున్నాను.

ఇక్కడ చెప్పుల సంగతి చెప్పాలి. ఆ ఇంట్లోకి ఎవరూ చెప్పులతో రారు. నాకు మాత్రం మినహాయింపు. మొదటిసారి వైరింగ్ చేయడానికి వెళ్లినప్పుడే, "నువ్వు ఇప్పద్దులే తమ్ముడా, కరెంటు పని" అంది. అప్పటినుంచి రబ్బరు చెప్పులతోనే ముందు గదిదాకా నడిచేవాడిని. అదొక గౌరవంలాగా కూడా అనిపించేది.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం మార్తమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి స్విచ్చు గురించి కాదు.

"తొట్లో చెయ్యి పెడితే చురుక్కుమంటాంది."

"ఎప్పటినించి?"

"శానా రోజులనించి. ఒక్కోరోజు ఏం ఉండదు. ఒక్కోరోజు జిల్లుమని భుజందాకా గుంజతాది."

నేను తొట్టి దగ్గరికి వెళ్లి చెయ్యి ముంచాను. ఏమీ లేదు. రాళ్లు కదిపాను, పంపు పట్టుకున్నాను. ఏమీ లేదు. క్లౌన్ చేపలు రెండూ ఒక మూలకు చేరి ఉన్నాయి. చూశాను, పట్టించుకోలేదు. నా జేబులో టెస్టర్ ఉంది. ఇనుప స్టాండుకు ఒక్కసారి తాకిస్తే చాలు. తీయలేదు. చెయ్యి చెప్పాక టెస్టర్ ఎందుకు అనుకున్నాను. కాళ్ల కింద రబ్బరు ఉందన్న సంగతి, ముప్పై ఏళ్లు కరెంటుతో బతికిన నా తలకు తట్టలేదు.

"ఏదీ, నీ చేతులు చూపించక్కా."

చూపించింది. వేళ్ల కొసల మీద, అరచేతి అంచున పలకరాయి గీసిన కోతలు. కొన్ని ఆరినవి, కొన్ని పచ్చివి.

"ఇదిగో, ఇదీ సంగతి. కోతల మీద ఉప్పునీళ్లు పడితే చురుక్కుమనదా? కరెంటు గాదు, ఉప్పు."

ఆమె తన చేతుల్ని తాను కొత్తగా చూసుకున్నట్టు చూసుకుంది. "అంతే అంటావా?"

"అంతే."

"నేనే అనవసరంగా నిన్ను పరుగెత్తించినా" అంది. తర్వాత తెలిసింది, ఆ రోజునుంచి ఆమె తొట్టిలో చెయ్యి పెట్టేముందు కోతలకు కొబ్బరినూనె రాసుకునేది. చురుక్కుమన్నప్పుడల్లా పళ్లు బిగబట్టుకుని పని కానిచ్చేది. నన్ను మళ్లీ పిలవలేదు. నేను కూడా అది నయమైపోయిందనే అనుకున్నాను.

డిసెంబరులో క్రిస్మస్ ముందు వాళ్ల కాలనీలో ఇంటింటా ప్రార్థనలు జరుగుతాయి. ఆ ఏడు మార్తమ్మ ఇంట్లో ప్రార్థనకు నన్నూ పిలిచింది. మేం హిందువులం, వ్యవసాయ కుటుంబం. అయినా ఆ ఇంటి పిలుపు కాదనలేదు. "కొంచెం ముందు రా తమ్ముడా, ఆ మోటారు గుర్రుమంటాంది. పాటలప్పుడు వినిపిస్తాది. సర్దిపెట్టు" అంది.

వెళ్లేసరికి గుమ్మం ముందు చెప్పులు వరుసగా ఉన్నాయి. పనికి వచ్చినవాడిని కాదు, ప్రార్థనకు వచ్చినవాడిని. నేనూ విప్పాను. ఇల్లు అప్పుడే కడిగినట్టున్నారు, ముందు గదిలో ఒకవైపు చాపలు పరిచారు, తొట్టి వైపు రాళ్లు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. పాదాలకు చల్లగా తగిలింది. ఆ చల్లదనం హాయిగా కూడా అనిపించింది.

పంపును గాజునుంచి కొంచెం ఎడంగా జరుపుదామని చెయ్యి ముంచాను.

భుజం మీద ఎవరో సమ్మెటతో కొట్టినట్టయింది. చెయ్యి దానంతట అదే వెనక్కి విసురుకుంది. నీళ్లు చాపల మీదికి చిందాయి. వెనక్కి తూలి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు లేచారు.

వంటింట్లోంచి మార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. నన్ను, నా చేతిని చూసింది. వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది.

"నీ చేతికి గూడా కోతుందా తమ్ముడా?"

జేబులోంచి టెస్టర్ తీసి స్టాండుకు తాకించాను. ఎర్రగా వెలిగింది. ప్లగ్గు దగ్గరికి పోయి, స్విచ్చు ఆపి, తొట్టిలోకి పోయే వైర్లన్నీ పీకేశాను. "ఏం లేదు, మోటారు పాడయింది. ఎవరూ తొట్టి దగ్గరికి రావద్దండి" అన్నాను. మోటారు పాడయిందన్నాను. నేను పాడుచేశానని అనలేదు.

ప్రార్థన మొదలైంది. పాటలు పాడారు. తర్వాత పాస్టరు గారు, "ఎవరన్నా సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పండమ్మా" అన్నారు. దేవుడు తమకు చేసిన మేలును అందరిముందు చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. మార్తమ్మ లేచి నిలబడింది. తల మీద కొంగు సర్దుకుని, భర్త దూరాన ఉన్నా తనకు ఏ లోటూ లేదని, పిలిస్తే పలికే తమ్ముణ్ణి దేవుడు ఇచ్చాడని చెప్పింది. అందరూ నావైపు తిరిగి చూశారు. నేను చాప మీది తడిమరకను చూస్తూ కూర్చున్నాను. లేచి నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నాకు లేవడం చేతకాలేదు.

అందరూ వెళ్లాక, గుమ్మం మెట్టు మీద చెప్పుల్లో కాళ్లు పెట్టబోయి ఆగి, చెప్పాను. మోటారు విప్పకూడనిదని, నా అతుకే కారిందని, స్విచ్చు పడింది పాడయి కాదని, దాన్ని తీసేసి ఇన్ని నెలలు ఆమెను ఒట్టి కాళ్లతో కరెంటులో నిలబెట్టానని. చెయ్యి చురుక్కుమంటోందని ఆమె పిలిచిన రోజు టెస్టర్ నా జేబులోనే ఉందని కూడా చెప్పాను.

ఆమె తొట్టి కింది తడి రాళ్లవైపు ఒకసారి చూసింది.

"ఇల్లు కడిగిన రోజే పడతాదని చెప్పినా."

"చెప్పినావక్కా."

"నవ్వినావు."

"అవునక్కా."

"మోటారు పాడవతాది, అది వస్తువు. నువ్వు తప్పు తెచ్చి నా చేతుల మీద పెట్టినావు గదా తమ్ముడా. ఈ చేతులే మంచివి గావేమో అనుకున్నా నేను ఇన్ని రోజులు."

చెప్పుల్లో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను.

"ఆయనకు నేను చెప్పను" అంది. "నువ్వే చెప్పు. ఇప్పుడే."

ఫోను కలిపి నా చేతికిచ్చి, తను తలుపు పక్కన నిలబడింది. యేసురత్నం తెర మీదికి రాగానే అలవాటుగా, "చేపలు…" అనబోయి నా ముఖం చూసి ఆగాడు. నేను మొత్తం చెప్పాను. ఈసారి మధ్యలో తగ్గించలేదు. అతను ఆ పనిలో బతికినవాడు, ఆర్‌సీసీబీ తీసేశానన్న చోటే అతనికి మిగతా అంతా అర్థమైపోయింది. కళ్లు మూసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

"మార్త ఏదీ?" అన్నాడు.

"ఇక్కడే ఉంది."

"చూపించన్నా. దాన్ని చూపించు."

ఫోను ఆమెవైపు తిప్పాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, "చేపలు రెండూ బాగున్నాయిలే. నీలందే…" అంది.

"నీలంది సచ్చిందని నాకు ఎప్పుడో తెలుసు. ఇన్ని నెలలు ఏ చేప నిద్రబోతాది?" అన్నాడు. "నీ చేతులు చూపించు."

నేను ఫోను ఆమెకిచ్చి మెట్లు దిగాను.

ఆ రాత్రంతా మార్తమ్మ గిన్నెతో తొట్టి నీళ్లు ఎత్తి పోస్తూ చేపలకు గాలి అందేలా చూసింది. మర్నాడు పని మొదలుపెట్టాను. యేసురత్నం ఫోనులో ఒక్కొక్కటీ చెబుతుంటే నేను చేశాను. మార్కాపురంలో ఏళ్ల తరబడి నేను ఎందరికో పని నేర్పినవాడినే గానీ, అలా ఒకరు చెబితే చేసి చాలా కాలమైంది. కొత్త పవర్‌హెడ్ వచ్చేదాకా బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు పెట్టాం, కరెంటు పోయినా చేపలకు గాలి ఆగకుండా అది ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్త ఆర్‌సీసీబీ బిగించాను. స్టాండుకు ఎర్త్ వైరు కలిపాను. సాల్ట్ క్రీప్ అంతా మంచినీళ్ల గుడ్డతో తుడిచాను. ప్రతి వైరునూ సాకెట్టు కంటే కిందికి వేలాడేలా వదిలి, మళ్లీ పైకి తెచ్చాను. దాన్ని డ్రిప్ లూప్ అంటారు, వైరు వెంబడి జారిన నీళ్లు సాకెట్టులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. చివరికి స్విచ్చు మీది టెస్ట్ బటన్ నొక్కి, అది టక్కున పడడం మార్తమ్మకు చూపించాను. "నెలకొకసారి నొక్కు అక్కా. పడితేనే అది బాగున్నట్టు. అది పడినప్పుడు తిట్టుకోవద్దు, నన్ను పిలువు" అన్నాను.

"పిలిస్తే నవ్వవు గదా?" అంది.

ఇప్పుడు షాపు చిన్నదయింది. నేను వైండింగు తగ్గించి ఇళ్ల రిపేర్లే ఎక్కువ చేస్తున్నాను. ఎవరైనా గీజరు షాక్ కొడుతోందన్నా, కూలరు జిల్లుమంటోందన్నా, నేను ముందు వస్తువును చూడను. మనిషిని అడుగుతాను. ఎక్కడ నిలబడి ఉన్నప్పుడు కొట్టింది? కాళ్లకు ఏముంది? కింద తడి ఉందా? ఆ తర్వాత టెస్టర్, ఆ తర్వాత మీటరు. చెయ్యి పెట్టి చూడడం మానేశాను. నా చెయ్యికి తగలలేదు కాబట్టి ఎదుటివాళ్లకు తగల్లేదని అనడం అంతకంటే ముందే మానేశాను. పడిపోయే స్విచ్చు కనిపిస్తే, దాన్ని తప్పించే ముందు అది ఏం చెబుతోందో వెతుకుతాను. ఈ మాత్రం నేర్చుకోవడానికి ఒక మనిషి ప్రాణం మీదిదాకా తేవలసి వచ్చింది నాకు.

యేసురత్నం తిరిగి వచ్చేశాడు. తొట్టి ఇప్పటికీ ఉంది, ఇంకో నీలం చేప కూడా వచ్చింది. అప్పుడప్పుడూ ఏదో పని మీద నన్ను పిలుస్తారు. నేను గుమ్మం దగ్గర నిలబడతాను. మార్తమ్మ ముందు లోపలికి పోయి, స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని చేత్తో పైకెత్తి నాకు చూపిస్తుంది.

"తీసేసినా. ఇంక చెప్పులు అక్కడ ఇప్పి రా తమ్ముడా."

విప్పి వెళతాను.